చేతిపని నేర్పండి, లెక్కలు తగ్గించకండి

పదో తరగతి ఫిజిక్స్‌లో విద్యుత్ పాఠం ఉంది. ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సమాంతర సంధానం, కిలోవాట్ అవర్, అన్నీ ఉన్నాయి. అవన్నీ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో, ఇంటికొచ్చిన కరెంటు బిల్లు చూసి అన్ని యూనిట్లు ఎలా కాలాయో లెక్కకట్టగలిగేవాళ్లు ఎంతమంది? తప్పు పిల్లలది కాదు, మీటరు ముందు నిలబెట్టి ఆ పాఠం వాళ్లకెవరూ చెప్పలేదు.

బడికీ బతుకుదెరువుకీ ముడిపెట్టాలన్న మాట పాతదే. 1937లో వార్ధాలో గాంధీజీ అన్నారు, 1966లో కొఠారీ విద్యా కమిషన్ అంది, 2020 జాతీయ విద్యా విధానమైతే 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని గడువే పెట్టింది. ఆ గడువు దాటిపోయింది.

అయినా ఈ మాట వింటే తల్లిదండ్రులకు టెన్షనే, ఆ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. 1953లో మద్రాసు రాష్ట్రంలో (కోస్తా, సీమ జిల్లాలు అప్పటికింకా అందులోనే ఉన్నాయి) అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ ఒక పథకం తెచ్చారు. పల్లెటూరి పిల్లలు ఒక పూట బడికి రావాలి, మిగతా సమయం ఇంట్లో పెద్దలు చేసే పని నేర్చుకోవాలి. తండ్రి కులవృత్తే కొడుక్కీ రాసిపెట్టారా అని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రిగా వచ్చాక అది రద్దయింది. పని నేర్పే పేరుతో చదువు కోసేస్తే జరిగేది అదే.

ఇప్పుడు ఇంటర్ ఒకేషనల్ చదివినవాళ్లు ఇంజినీరింగ్ వైపు వెళ్లాలంటే లెక్కలు, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టుల్లో బ్రిడ్జి కోర్సు పేపర్లు అదనంగా రాయాలి. ఆ లెక్కలూ ఫిజిక్సూ మొదటి రోజు నుంచే కోర్సులో ఎందుకు ఉండకూడదు? మోటారు వైండింగ్ చేసేవాడికి ఎన్ని చుట్లు చుట్టాలో, తీగ మందం ఎంతో, మోటారు ఎంత కరెంటు లాగుతుందో తెలియకపోతే అది కాలిపోతుంది, అక్కడ లెక్కలు ఇంకా గట్టిగా రావాలి. అటు ఎంపీసీ పిల్లలు కూడా కనీసం ఒక స్విచ్ బోర్డు విప్పి బిగించాలి.

పరీక్షలో అడగనిది మన బడుల్లో చెప్పరు కాబట్టి, చేతులతో చేసి చూసినవాళ్లే రాయగలిగే ప్రశ్నలు పదో తరగతి పేపర్లోనే ఉండాలి. ప్రభుత్వ బడుల్లో వృత్తి పాఠాలు చెప్పే ట్రైనర్లు చాలాచోట్ల ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లే, కాంట్రాక్టు ఆగితే క్లాసూ ఆగుతుంది. లెక్కల మాస్టారికున్న ఉద్యోగ భద్రత వాళ్లకీ ఇవ్వాలి, సామాన్లు కొనడానికి బడికి విడిగా డబ్బులివ్వాలి, ఆ ఇద్దరూ కలిసి కూర్చుని పాఠం తయారు చేసుకోవడానికి టైమ్‌టేబుల్లో వారానికి ఒక పీరియడైనా వదలాలి.