నడుం నొప్పికి మంచమా, మస్టరా?

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక హమాలీకి నడుం పట్టేసిందనుకోండి. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని, నడుముకు తువ్వాల బిగించి, తెల్లారి మళ్లీ బస్తా కిందికి వంగుతాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడికి అదే నొప్పి వస్తే చాలాసార్లు కథ ఇంకోలా నడుస్తుంది. సిక్‌లో (జబ్బు సెలవులో) చేరతాడు, ఎంఆర్‌ఐ తీస్తారు, రెఫరల్ మీద హైదరాబాద్ పోయొస్తాడు, చూస్తుండగానే నెలలు గడుస్తాయి. ఒకరు కొన్నాళ్లు మానుకోవాల్సిన పనిని మానలేకపోతున్నారు. ఇంకొకరు చేయగలిగిన పనికి కూడా దూరమైపోతున్నారు.

నడుం పట్టేసిన కార్మికుడు ఎన్నాళ్లు ఇంట్లో ఉంటాడన్నది మొదటి రెండు మూడు వారాల్లోనే చాలావరకు తేలిపోతుంది. ఆ కొద్దిరోజుల్లో ఎవరి దగ్గరికి పోయాడు, వాళ్లు ఏం చెప్పి పంపారు, మేస్త్రీయో మేనేజరో ఏమన్నారు, ఇంట్లో ఉంటే పైసలు వస్తాయా రావా? ఎక్స్‌రేలో కనిపించేదానికన్నా వీటి ప్రభావమే ఎక్కువ. తొందరగా వైద్యం చేయిస్తే తొందరగా తిరిగొస్తాడన్న మాట వినడానికి బాగుంటుంది గానీ అందులో సగమే నిజం. ఏ వైద్యం అన్నదాన్ని బట్టి తొందర మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది.

2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. 2050 నాటికి ఇది 84.3 కోట్లకు చేరుతుందంటున్నారు. వీరిలో నూటికి 90 మందికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించగల కారణం దొరకదు. మిగిలిన కొద్దిమంది సంగతి వేరు. మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు చచ్చుబడుతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, బరువు తగ్గిపోతున్నా, ఎత్తు మీది నుంచి పడ్డాక మొదలైనా ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించాలి. మన దగ్గర వెన్నెముక టీబీని కూడా మరచిపోకూడదు. వీళ్లకు స్కానింగ్ ఎంత తొందరగా తీస్తే అంత మంచిది.

మిగతావాళ్లకు మంచం చేసే మేలు ఏమీ లేదని 1995లోనే తేలింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో నగరపాలక ఉద్యోగులు 186 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఒక జట్టుకు నడుం వ్యాయామాలు. మూడో జట్టుకు మాత్రం, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకోమని చెప్పారు. అందరికన్నా తొందరగా కోలుకున్నది మూడో జట్టు, ఆలస్యంగా కోలుకున్నది మంచం ఎక్కిన జట్టు. అది కూడా రెండు రోజుల మంచమే. మన చీటీల మీద పది రోజుల బెడ్ రెస్ట్, దానికి తోడు ఒక బెల్టు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

స్కానింగ్ కథ ఇంకా చిత్రం. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్‌లను కలిపి లెక్కగట్టిన సమీక్ష 2015లో వచ్చింది. నలభై ఏళ్ల వయసువాళ్లలో 68 శాతం మందికి డిస్కు అరిగి ఉంది, 50 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. వీళ్లెవరికీ నడుం నొప్పి లేదు. అంటే తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. ఇప్పుడు నలభై దాటిన ఒక లోడింగ్ కార్మికుడిని నొప్పి మొదలైన మూడో రోజే హన్మకొండలోని స్కానింగ్ సెంటర్‌కు పంపండి. రిపోర్టులో అరుగుదల ఉంటుంది, ఉబ్బు ఉంటుంది. ‘పూసల మధ్య గ్యాప్ వచ్చింది, ఇక బరువులు ఎత్తొద్దు’ అని డాక్టర్ అంటారు. ఆ ఒక్క మాటతో మామూలుగా అయితే నెలలోపు సర్దుకునే నొప్పి, జీవితాంతం మోసే జబ్బు అయిపోతుంది. భార్య నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వదు. అమెరికాలో కార్మికుల పరిహారం క్లెయిములను పరిశీలించినవాళ్లు, అవసరం లేకుండా తొలి వారాల్లోనే ఎంఆర్‌ఐ తీసినవాళ్లు ఎక్కువకాలం పనికి దూరమయ్యారని పదే పదే చూపించారు. మత్తు తరహా నొప్పి మందులు మొదట్లోనే ఇచ్చినప్పుడూ అదే ఫలితం కనిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లనే ముందుగా స్కానింగ్‌కు పంపుతారు కాబట్టి వాళ్లు ఆలస్యంగా కోలుకోవడంలో వింత లేదనవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో నడుం దెబ్బతిన్న కార్మికుల్లో మొదట సర్జన్ దగ్గరికి పోయినవాళ్లలో సుమారు 43 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. మొదట చేతులతో నొక్కి వెన్ను సరిచేసే కైరోప్రాక్టర్ దగ్గరికి పోయినవాళ్లలో అది 1.5 శాతమే. జబ్బు తీవ్రత వంటివాటిని లెక్కలోకి తీసుకున్నాక కూడా మొదటి డాక్టర్ ఎవరన్నదాని ప్రభావం మిగిలింది. అయినా ఇంత తేడా మొత్తాన్నీ సర్జన్ కత్తి మీద వేయలేం. కెనడాలోని ఒంటారియోలో చూస్తే, మొదట ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోయినవాళ్లకే పరిహారం ఎక్కువకాలం నడిచింది. అమెరికాలో 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, తొందరగా ఫిజియో మొదలుపెట్టినవాళ్లకూ మామూలుగా చూసినవాళ్లకూ ఏడాది తిరిగేసరికి చెప్పుకోదగ్గ తేడా లేకుండా పోయింది. కాబట్టి వీధికో ఫిజియో క్లినిక్ పెడితే సమస్య తీరుతుందనే వాళ్లతో నేను ఏకీభవించను.

మరి దేనితో తీరింది? కెనడాలోనే, క్యూబెక్ రాష్ట్రం షెర్‌బ్రూక్‌లో జరిగిన పని నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. నాలుగు వారాలకు మించి పనికి రాని కార్మికులను తీసుకుని, కొందరికి ప్రత్యేక వైద్యం ఒక్కటే ఇచ్చారు. కొందరి విషయంలో నిపుణులు పని స్థలానికే పోయి, కార్మికుడినీ సూపర్‌వైజర్‌నూ యూనియన్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పనిలో ఏది మారిస్తే ఇతను రాగలడో తేల్చారు. ఇంకొందరికి ఈ రెండూ కలిపి ఇచ్చారు, మిగతావాళ్లను మామూలు వైద్యానికే వదిలేశారు. రెండూ కలిపి అందినవాళ్లు, మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా 2.4 రెట్లు వేగంగా తమ పాత పనికి చేరుకున్నారు. అందులో పెద్ద వాటా పని స్థలంలో జరిగిన మాటలదే. వాషింగ్టన్‌లో 1,885 మంది కార్మికులను ఏడాదిపాటు గమనించిన అధ్యయనంలోనూ ఇదే బయటపడింది. యజమాని తేలిక పని ఇవ్వజూపకపోవడం, ఏడాది తర్వాత కూడా మనిషి ఇంట్లోనే ఉండిపోవడానికి ఒక ముఖ్య సూచిక.

బొగ్గుబాయిల్లో దీనికి మాట ఎప్పటినుంచో ఉంది: సూటబుల్ జాబ్. అండర్‌గ్రౌండ్‌లో చేయలేనివాళ్లకు సర్ఫేస్‌లో తగిన పని ఇవ్వాలని యూనియన్లు అడగని సమావేశం ఉండదు. చిక్కల్లా అది వచ్చే వేళలో ఉంది. మన దగ్గర సూటబుల్ జాబ్ అంటే జబ్బు ముదిరి, ఫైల్ మందమై, మెడికల్ బోర్డు ముందు నిలబడ్డాక జరిగే బేరం. పరిశోధన చెబుతున్న తేలిక పని మొదటి వారాల్లోనే ఇవ్వాల్సింది. నాలుగు వారాలు ల్యాంప్ రూంలోనో స్టోర్‌లోనో మస్టర్ (హాజరు) పడి, తర్వాత పాత పనికి పోవడం అన్నమాట.

దీనికి అడ్డుపడే లెక్క ఇంకొకటి ఉంది. దాన్ని బహిరంగంగా ఎవరూ మాట్లాడరు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక, సింగరేణిలో కొడుక్కి ఉద్యోగం రావడానికి మిగిలిన ప్రధాన దారి తండ్రి మెడికల్ అన్‌ఫిట్ కావడమే. వట్టి నడుం నొప్పితో అన్‌ఫిట్ కావడం కష్టం. అందుకే యాభై దాటిన కార్మికుడికి కోలుకోవడం ఇంటికి నష్టం, ఫైల్ మందం కావడం లాభం. దీన్ని దొంగ నొప్పి అనేవాళ్లు ఉన్నారు, నేను అనను. మంచిర్యాల, పెద్దపల్లి పల్లెల్లో పిల్లవాడికి అంత జీతం వచ్చే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది? నొప్పి నిజమే. ఆ నొప్పి తగ్గడానికి ఏ కారణమూ మిగలకుండా చేసింది నిబంధన. ఎంత మంచి డాక్టర్ అయినా కొడుకు ఉద్యోగంతో పోటీపడి గెలవలేడు.

కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐలోనూ ఇలాంటి మెలికే ఉంది. జీతం 21 వేలలోపు ఉన్న కార్మికుడికి మామూలు జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో 34 ఉన్నాయి. వాటిలో ఒకటైతే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా రావచ్చు. డిస్కు జారడం ఆ జాబితాలో ఉంది, మామూలు నడుం నొప్పి లేదు. పనిలో దెబ్బ తగిలిందని రుజువైతే 90 శాతం. అయితే బరువు ఎత్తుతుంటే నడుం పట్టేయడాన్ని ప్రమాదంగా ఒప్పించడం అంత తేలిక కాదు. స్కానింగ్‌లో డిస్కు కనిపిస్తే ఒక ధర, కనిపించకపోతే ఒక ధర అయినప్పుడు, అవసరం లేని స్కాన్‌లు ఎందుకు పెరుగుతున్నాయని అడగడం దండగ. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. వెన్ను ఆపరేషన్‌కు డబ్బు ఉంది గానీ, ‘ఏం కాదు, మెల్లగా నడువు, వచ్చే వారం మళ్లీ రా’ అని పావుగంట కూర్చోబెట్టి చెప్పడానికి ఏ పథకంలోనూ రేటు లేదు.

ఆ పావుగంట ఖర్చు వృథా కాదని ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం చూపించింది. 1990ల చివర్లో అక్కడి కార్మిక పరిహార సంస్థ, నడుం నొప్పి వస్తే పడుకోవద్దు, కదలండి, పనిలోనే ఉండండి అంటూ టీవీలో ప్రచారం చేసింది. జనం నమ్మకాలు మారాయి, డాక్టర్ల నమ్మకాలూ మారాయి, నడుం క్లెయిములు తగ్గాయి. ప్రచారం జరగని పక్క రాష్ట్రంలో ఆ మార్పు లేదు.

ఇదే సలహాను ఏనుమాముల హమాలీకి ఇస్తే మాత్రం అన్యాయం. ‘పనిలోనే ఉండు’ అంటే అతనికి మళ్లీ బస్తానే. ఇద్దరు చెరోవైపు కొక్కేలు వేసి లేపి మూడోవాడి వీపు మీద పెడతారు. అతను తల వంచి, మిర్చి ఘాటుకు దగ్గుతూ, ఏటవాలు పలక మీదుగా లారీలోకి నడుస్తాడు. కూలి బస్తా లెక్కన. అడ్తిదారు (కమీషన్ ఏజెంటు), ఖరీదుదారు (సరుకు కొనే వ్యాపారి), మార్కెట్ కమిటీ, ఈ ముగ్గురిలో యజమాని ఎవరో తేలదు కాబట్టి పరిహారం అడగడానికి గుమ్మం కూడా లేదు. అతని అశక్తత రోజులు ఏ లెక్కలోనూ ఉండవు. నొప్పి తగ్గకముందే బరువు కిందికి పోవడం, దాన్ని ఓర్చుకోవడానికి సూదుల మీద సూదులు, ఆ సూదులతో కడుపులో పుండ్లు, కిడ్నీలకు ముప్పు. జగిత్యాల, నిజామాబాద్ వైపు చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి బీడీలు చుట్టే ఆడవాళ్ల నడుముల లెక్కా అంతే.

మార్కెట్‌లో తేలిక పని లేక కాదు. కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయిలు ఉంటారు, దబ్బనంతో సంచి మూతి కుట్టేవాళ్లు ఉంటారు. కాకపోతే హమాలీ లైసెన్సు వేరు, దడ్వాయి లైసెన్సు వేరు. ఒకరి పనిలోకి ఇంకొకరు వస్తే గొడవ, అదీ న్యాయమైన గొడవే, ఎందుకంటే వాళ్లదీ బస్తా లెక్కన కూలే. ఈ లైసెన్సులు ఇచ్చేది మార్కెట్ కమిటీయే. నడుం పట్టిన హమాలీని నాలుగు వారాలు కాంటా దగ్గర అదనపు మనిషిగా నిలబెట్టి, ఆ రోజుల కూలిని దడ్వాయిల వాటా తగ్గించకుండా మార్కెట్ ఫీజు నుంచి ఇవ్వడానికి మెడికల్ బోర్డు అక్కర్లేదు, ఎంఆర్‌ఐ అక్కర్లేదు. కమిటీ తీర్మానం ఒకటి, సంఘాల సంతకాలు రెండు చాలు. దాన్ని వచ్చే మిర్చి సీజన్ మొదలయ్యేలోపు చేయొచ్చు.