వేపచెట్టు కింద మాటలు కరువయ్యాయి

ఒంగోలులో నేను పాఠాలు చెప్పే కళాశాలకు పొదిలి, కనిగిరి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు, మధ్యాహ్నం వేపచెట్టు కింద పక్కపక్కనే క్యారేజీలు విప్పుకుని కూడా, ఒకరి కూర ఒకరు రుచి చూడకుండా ఎవరి ఫోనులో వారు రీల్స్ చూస్తూ తింటుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఈ బెడద తగ్గుతుందని ఆశపడ్డాం; మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. అన్నిటికన్నా బాధించేది, ఆడపిల్లలకు తెలియకుండా తీసిన ఫొటోలను ఊరూపేరూ లేని పేజీలో పెట్టి, కింద వెకిలి రాతలు రాయడం. ఆ పేజీకి జడిసి, చక్కగా పాడే ఒక అమ్మాయి వార్షికోత్సవంలో పాటల పోటీకి పేరే ఇవ్వలేదు. ఫిర్యాదు చేస్తే, ఈ వయసులో ఇవన్నీ మామూలేనని పెద్దలు తేల్చేశారు.