ఒక సెంటు అటూ ఇటూ

ముప్పై ఏళ్ళకు పైగా తెనాలి చుట్టుపక్కల పొలాలు కొలిచిన సర్వేయరును కాబట్టి, కొలిచే సాధనం సరైనదైతే కొలత సరిగ్గా వస్తుందనీ, కొలత సరిగ్గా వస్తే తగాదా తీరుతుందనీ నాకొక నమ్మకం ఉండేది. అందులో రెండో సగం ఉద్యోగంలో ఉండగానే అబద్ధమని తేలిపోయింది గానీ, మొదటి సగాన్ని మాత్రం పదవీ విరమణ దాకా భద్రంగా కాపాడుకుంటూ వచ్చాను. దాన్ని కూడా పోగొట్టినది, మా అబ్బాయి అమెరికా వెళ్తూ అటక మీద వదిలేసి పోయిన గిటారు.

గిటారు వాయించాలంటే ముందు దాన్ని శ్రుతి చేయాలి. దానికున్న ఆరు తీగలకు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి, బి, మళ్ళీ ఇ అని పేర్లు. లావుపాటి ఇ తీగ సెకనుకు 82.41 సార్లూ, ఎ తీగ 110 సార్లూ, సన్నపాటి ఇ తీగ 329.63 సార్లూ కంపించాలని చదివినప్పుడు, ఆ దశాంశాల పక్కనున్న రెండేసి అంకెలను చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది సంగీతం కాదు, సర్వే. సాధనం ఒక్కటి సంపాదిస్తే చాలు, మిగిలినదంతా నాకు వచ్చిన పనే అనుకున్నాను.

ఉచితంగా దొరికేదాన్ని వదిలి డబ్బు పెట్టడం మా ఇంటావంటా లేదు కనుక, మొదట సెల్‌ఫోనులోకి శ్రుతి చూపించే యాప్ ఒకటి దింపుకున్నాను. ఫోను ఎత్తుగా, కళ్ళకు ఎదురుగా ఉండాలని ఫ్రిజ్ పక్క గోడకున్న స్టెబిలైజర్ మీద నిలబెట్టి, ఎ తీగను మీటాను. సూది జి మీద, దానికి 35 గీతలు కుడివైపున నిలబడింది. తీగ తగ్గి ఉందన్నమాట. బిరడ బిగించి మళ్ళీ మీటాను. సూది కదలలేదు. ఇంకా బిగించాను. సూది కదలలేదు. మొండి రైతును చూశాను గానీ ఇంత మొండి తీగను చూడలేదనుకుంటూ మరో రెండు చుట్లు తిప్పేసరికి, ఏళ్ళ తరబడి తుప్పు పట్టిన ఆ తీగ ఠప్పుమని తెగి నా బనీను మీదుగా పోయింది. వింత ఏమిటంటే, తీగ తెగిపోయిన తరువాత కూడా ఫోనులో సూది జి మీదే, 35 గీతలు కుడివైపునే, చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

రహస్యాన్ని బయటపెట్టినది విద్యుత్ శాఖ. సరిగ్గా ఆ సమయానికి కరెంటు పోయింది. కరెంటుతోపాటు సూదీ పడిపోయింది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృతాల చొప్పున వస్తుంది కాబట్టి స్టెబిలైజర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపుగా, అంటే సెకనుకు 100 సార్లు గుయ్యిమంటుంది. కింది జి స్వరం 98 సార్లు. అంతసేపూ నేను ఎంతో శ్రద్ధగా శ్రుతి చూసినది మా స్టెబిలైజర్‌ను. అది ఎన్నడూ శ్రుతి తప్పదని మాత్రం నేను ఎవరికైనా హామీ ఇవ్వగలను. ఈ సంగతి ఫోనులో చెబితే మా అబ్బాయి నవ్వి, అమెరికాలో కరెంటు 60 ఆవృతాలన్నాడు. లెక్క వేసి చూస్తే అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ల మోత ఎ షార్ప్‌కూ బికీ దాదాపు నట్టనడుమ పడుతోంది. పొలిమేర రాయి మీదే ఇల్లు కట్టుకున్నట్టు.

గాలిలోని మోతలను పట్టించుకోకుండా, గిటారు తలకు బట్టల క్లిప్పులా పట్టుకుని, చెక్కలోని కంపనాన్ని మాత్రమే వినే సాధనాలు ఉంటాయని ఆ తరువాత తెలిసింది. పట్టణంలోని సంగీత వాద్యాల దుకాణానికి వెళ్తే అక్కడి కుర్రవాడు, రూపాయి బిళ్ళకన్నా కాస్త చిన్న బ్యాటరీతో నడిచే క్లిప్ ట్యూనర్ ఒకటి చేతిలో పెట్టి, "అంకుల్, దీనికి ఒక సెంటు తేడా మాత్రమే వస్తుంది" అన్నాడు.

సెంటు అన్న మాట వినగానే నేను దుకాణం మధ్యలో నిలబడిపోయాను. మన ఆంధ్ర దేశంలో ఎకరానికి నూరు సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. సెంటు కోసం అన్నదమ్ములు మాటలు మానేయడం, సెంటున్నర కోసం కోర్టు మెట్లు ఎక్కడం నేను కళ్ళారా చూసినవాణ్ణి. సంగీతంలోనూ సెంటు అంటే, గిటారు మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకున్న దూరంలో నూరో వంతేనట. అంటే మెట్టుకొక ఎకరం, స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, పన్నెండు ఎకరాలు. ఇంత చక్కని భూమి లెక్క మా శాఖలో కూడా లేదు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు కాబట్టి కరీంనగర్‌లోని మా వియ్యంకుడు గారికి మాత్రం ఈ విషయాన్ని రెండున్నర సెంట్లకు ఒక గుంట చొప్పున మార్చి చెప్పవలసి వచ్చింది.

"సెంటు తేడాను మేము ఒప్పుకోము బాబూ, ఇంతకన్నా నికరమైనది లేదా?" అని అడిగాను. ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, లోపలి గది నుంచి స్ట్రోబ్ పద్ధతిలో పనిచేసే ట్యూనర్ ఒకటి తెచ్చాడు. అందులో సూది ఉండదు. తీగ హెచ్చితే గీతలు కుడివైపుకూ, తగ్గితే ఎడమవైపుకూ పాకుతాయి, సరిగ్గా ఉంటే నిలిచిపోతాయి. తేడా సెంటులో పదో వంతు. అంటే 4.84 చదరపు గజాలు. రెండు నవారు మంచాలు వేసుకోవచ్చు గానీ, ఎవరూ కోర్టుకు వెళ్ళరు. ధర వెల్లడించడం ఇంట్లో శాంతికి మంచిది కాదు. "ఏమండీ, గిటారు అటక మీద ఊరికే దొరికింది కదా, దీనికింత పోశారెందుకు?" అని మా ఆవిడ అడిగితే, చవకగా వచ్చిన పొలానికి సర్వే ఖర్చు ఎక్కువవుతుందని చెప్పి తప్పించుకున్నాను.

కష్టం అక్కడే మొదలైంది. ఆ గీతలు నిలవవు. తీగను గట్టిగా మీటితే మొదట కొన్ని సెంట్లు హెచ్చుగా పలికి, సద్దుమణిగిన కొద్దీ కిందికి దిగుతుంది. ఆరో తీగ సరిచేసేసరికి మొదటిది జారి ఉంటుంది. ఫ్యాను వేస్తే ఒక తీరు, ఎండ పడితే మరో తీరు. కొత్త తీగలైతే నాలుగైదు రోజుల పాటు సాగుతూనే ఉంటాయి. హద్దు రాయే నడిచిపోతుంటే గొలుసు ఎంత నికరమైనదైతే ఏం లాభం? సూది ట్యూనరైతే ఈ చిన్న తేడాలను చూడనట్టు నటించి పచ్చదీపం వెలిగించి పంపించేది. నాది నటన తెలియని సాధనం. అయినా రోజుకు రెండు గంటలు కూర్చుని గీతలను నిలబెట్టేవాణ్ణి. వాయించడానికి సమయం మిగిలేది కాదు.

మా కింది వాటాలో వీణ నేర్పే పంతులమ్మ గారుంటారు. డెబ్బై దాటిన మనిషి. ఒకనాడు మెట్లెక్కి వచ్చి, "అంతా బాగానే ఉంది నాయనా, గాంధారం ఒక్కటే కాస్త ఎక్కువగా ఉంది" అన్నారు. నేను జి మేళనం, అంటే జితో మొదలయ్యే స్వరాల గుంపును ఒక్కసారిగా, మోగించి నిలిచిపోయిన గీతలను చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీయలేదు, గీతలనూ చూడలేదు. "చూపించేదేముంది, వినబడుతోందిగా" అన్నారు.

తరువాత లెక్క చూసుకుంటే తప్పు ఆవిడది కాదు, నా సాధనానిదీ కాదు. బాగా శ్రుతి కలిసిన తంబురాలో దానంతటదే పలికే అంతర గాంధారం షడ్జమం నుంచి 386 సెంట్ల దూరంలో ఉంటుంది. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన గిటారులో అదే గాంధారం 400 సెంట్ల దగ్గర కూర్చుంటుంది. పద్నాలుగు సెంట్ల ఆక్రమణ! దాదాపు 678 చదరపు గజాలు. అందులో పెంకుటిల్లు, గొడ్ల చావిడి, బావి, ఒక కొబ్బరి చెట్టు పడతాయి. పోనీ సర్దుబాటు చేద్దామని బి తీగను ఆ మేరకు దించితే జి మేళనం తేనెలా పలికింది గానీ, ఇ మేళనం ఏడ్చింది. అక్కడ గాంధారంగా ఉన్న తీగే ఇక్కడ పంచమం మరి. ఒకే పొలాన్ని ఇద్దరికి రిజిస్టరు చేస్తే ఇలాగే ఉంటుంది. గత్యంతరం లేక మళ్ళీ గీతలకే లొంగిపోయాను.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. మా అపార్ట్‌మెంటులో ముగ్గుల పోటీ అయిన తరువాత చిన్న పాటకచేరీ పెట్టారు. ఇంటర్ చదివే అబ్బాయి కీబోర్డు, పక్కన నా గిటారు. కరీంనగర్ నుంచి వియ్యంకుడు గారు, మా అమ్మాయి, ఐదేళ్ళ మనవరాలు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నేను అరగంట ముందే వేదిక ఎక్కి, ఆరు తీగల మీదా గీతలను రాయిలా నిలబెట్టి, ట్యూనర్‌ను జనానికి కనబడేలా పైకెత్తి చూపించాను కూడా.

కీబోర్డు మొదలైంది. నేను తొలి మేళనం మోగించాను. ముందు వరుసలో ఒకాయన పంటినొప్పి వచ్చినవాడిలా దవడ పట్టుకున్నారు. కీబోర్డు అబ్బాయి వంగి, "అంకుల్, మీది తగ్గినట్టుంది" అన్నాడు. సెంటులో పదో వంతు తేడా కూడా రాని సాధనమని నేను గంభీరంగా జవాబిచ్చి, మరింత గట్టిగా మోగించాను. పంటినొప్పి రెండో వరుసకు పాకింది.

అప్పుడు పంతులమ్మ గారు కుర్చీలోంచి లేచి వేదిక దగ్గరకు వచ్చారు. "నాయనా, నీ తీగలన్నీ తమలో తాము సఖ్యంగానే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ కలిసి ఊరివాళ్ళతో తగువు పెట్టుకున్నారు, అంతే."

కళ్ళజోడు సవరించుకుని చూస్తే ట్యూనర్ తెర మూలన చీమంత అంకెల్లో 432 అని ఉంది. నా ఎ తీగకు రెండు స్థాయిల పైనున్న ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలన్నది 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఒప్పుకున్న మాట. ప్రపంచంలోని శ్రుతులన్నిటికీ మూడు ఊళ్ళ పొలిమేర రాయి లాంటిది. ఆ రాయిని కావాలంటే జరుపుకోవడానికి ట్యూనర్‌కు ఒక చిన్న మీట ఉంది. మనవరాలి వంక చూశాను. "ఎనిమిది సార్లు నొక్కా తాతయ్యా!" అంది ఎంతో సంతోషంగా. రాయి జరిగితే కొలత ఎంత నికరంగా ఉన్నా ఊరు ఊరంతా పక్కకు పోతుందన్న సంగతి ముప్పై ఏళ్ళు సర్వే చేసిన నాకు వేరొకరు చెప్పనక్కరలేదు. అయినా అంతమందిలో చెప్పించుకున్నాను.

"ఎంత పోయింది బావగారూ? గుంటలల్ల చెప్పుండ్రి" అన్నారు వియ్యంకుడు గారు.

"దాదాపు ముప్పై రెండు సెంట్లు. పదమూడు గుంటలకు కాస్త తక్కువ."

పంతులమ్మ గారు ఇవేవీ పట్టించుకోకుండా కుర్చీ లాక్కుని, కీబోర్డు అబ్బాయిని ఒక్క స్వరం నొక్కి పట్టుకోమని, చెవి గిటారుకు ఆనించి బిరడలు తిప్పడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలు పట్టలేదు. ఆవిడ దిగి వెళ్ళాక, ఎవరూ చూడకుండా ట్యూనర్‌ను 440కి తెచ్చి, గిటారు తలకు తగిలించి ఒక్కొక్క తీగే మీటి చూశాను. ఇ, ఎ, డి, జి, ఆ చివరి ఇ, అన్నిటికీ గీతలు దాదాపు నిలిచిపోయాయి. బి తీగ దగ్గర మాత్రం ఎడమవైపుకు తాపీగా పాకుతున్నాయి. పద్నాలుగు సెంట్లు. ముందు వరుసలోంచి పంతులమ్మ గారు నన్నే చూస్తున్నారు. నేను బిరడ మీద నుంచి చెయ్యి తీసేసి, ఆ సాయంత్రం ఇ మేళనం రాని పాటలేవో కీబోర్డు అబ్బాయిని అడిగి తెలుసుకున్నాను.