సవరణ: హవానా ఫోటో పుస్తకాలు, అందులోని పెద్ద కార్లు

క్యూబా రాజధానిలోని పాత హవానా మీద వచ్చిన ఫోటో పుస్తకాల గురించి మొన్న పెట్టిన పోస్టులో "స్పెయిన్ పాలన నాటి కాపిటోలియో ముందు 1957 ఇంపాలా" అని ఉంది. అందులో కారు పేరు, భవనం (కాపిటోలియో అంటే అక్కడి పార్లమెంటు కోసం కట్టింది) కాలం రెండూ మార్చి చదువుకోండి.

ఆ కారు షెవర్లే బెల్ ఎయిర్. ఇంపాలా పేరు మొదలైందే 1958 మోడల్‌తో, కాబట్టి 1957 ఇంపాలా అంటూ ఉండదు. వెనక నుంచి తీసిన ఫోటో అయితే పోల్చుకోవడం తేలిక. 57 బెల్ ఎయిర్ రెక్కలు (డిక్కీకి రెండు పక్కలా ఉండే టెయిల్‌ఫిన్లు) నిటారుగా లేచి ఉంటాయి. పెట్రోల్ పోసే మూత పైకి కనిపించదు, ఎడమ రెక్క చివర క్రోమ్ పట్టీ వెనక దాచేశారు (తెలియనివాళ్లు బండి చుట్టూ తిరగాల్సిందే!). 59 ఇంపాలా రెక్కలేమో పక్కలకు పరుచుకుని, కింద పిల్లికళ్ల లాంటి లైట్లతో ఉంటాయి.

కాపిటోలియో పూర్తయింది 1929లో. స్పెయిన్ వాళ్లు వెళ్లిపోయి అప్పటికే మూడు దశాబ్దాలు.

"అన్నీ ఒరిజినల్ కార్లే" అన్న మాట కూడా తీసేశాను. 1962కల్లా క్యూబా మీద అమెరికా ఆంక్షలు పూర్తిగా బిగుసుకుని విడిభాగాలు రావడం ఆగిపోయింది. అందుకే చాలా బండ్లలో బానెట్ ఎత్తితే కనిపించేది వేరే కంపెనీ డీజిల్ ఇంజనే. పైగా ఆ వీధుల్లో సోవియట్ లాడాలు, మాస్క్‌విచ్‌లు కూడా బోలెడు. ఫోటోలో అంత అందంగా రావనేమో, ఇలాంటి పుస్తకాలు వాటిని పెద్దగా పట్టించుకోవు.

ఇంకొకటి, 1982 నాటి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పాత హవానాకీ దాని కోటలకీ మాత్రమే. హవానాలోనే మరో పేట అయిన వెడాడో వీధులు అందులోకి రావు.