వేలంపాటకు ముకుతాడు వేసిన బటన్

బాలాపూర్ లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2023లో 27 లక్షలు, మరుసటేడు 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. పాట మొదలవకముందే కమిటీ వాళ్లు మైకందుకుని, ‘‘ఎవరైనా ఇప్పటికిప్పుడు 32 లక్షలు కడితే పాట లేదు, లడ్డూ తీసుకెళ్లిపోవచ్చు’’ అన్నారనుకోండి. జనం నవ్విపోతారు. ఆన్‌లైన్ వేలాల్లో మాత్రం పాతికేళ్లుగా ఇదే పద్ధతి నడుస్తోంది, ఎవరికీ వింతగా లేదు.

1995లో పుట్టిన ఈబే మొదట్లో అచ్చంగా వేలంపాటల సైటు. 2000లో, పాటతో పనిలేకుండా చెప్పిన ధర కట్టి వెంటనే కొనుక్కునే ‘బై ఇట్ నౌ’ బటన్ పెట్టింది. యాహూ వేలాల్లోనూ అలాంటిదే ఉండేది, కానీ ఒక తేడా. ఈబేలో ఎవరైనా తొలి పాట పాడగానే బటన్ మాయమయ్యేది. యాహూలో పాట ముగిసేదాకా అక్కడే ఉండేది. చూడ్డానికి సాంకేతిక వివరంలా ఉన్నా, అసలు కథంతా ఇందులోనే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సుల్తాన్‌బజార్‌లో ఒకాయన దగ్గర ఏడో నిజాం కాలంనాటి వెండి రూపాయి ఉంది. చార్మినార్ ముద్ర చెక్కుచెదరలేదు. 1,000 రూపాయలతో పాట మొదలుపెట్టి, 4,000కు ఇప్పుడే కొనుక్కోవచ్చని బటన్ పెట్టాడు. నాణెం కోసం ముగ్గురు చూస్తున్నారు. ఒకరు 5,500 దాకా వెళ్లగలరు, ఇంకొకరు 3,800, మూడో మనిషి 3,000. బటన్ లేకపోతే మొదటాయన గెలుస్తాడు, కానీ కట్టేది రెండో మనిషి ఆగిపోయిన చోటికి ఒక మెట్టు పైన, సుమారు 3,900. బటన్ నొక్కితే 4,000 వస్తుంది. అమ్మకందారుకు నూరు రూపాయలు లాభం, కొన్నాయనకు వారం రోజుల ఎదురుచూపు తప్పింది. ఇద్దరికీ బాగానే ఉంది.

ఇప్పుడు 6,000 పెట్టగల నాలుగో మనిషిని తీసుకురండి. పాట సాగితే 5,500 దాటాలి. బటన్ ఉంటే 4,000 దగ్గరే ఆగిపోతుంది. పైగా నాణెం దక్కేది దానిమీద ఎక్కువ మోజున్నవాడికి కాదు, పేజీ ముందు తెరిచినవాడికి. నా అనుమానం, అలా ముందు తెరిచేది ఎక్కువగా పొద్దస్తమానం సైటు మీదే కూర్చునే వ్యాపారులే. కొన్న నాణేన్ని వాళ్లు మళ్లీ 5,000కు పెట్టడం ఖాయం.

ఈబే పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. 3,800 మించి పెట్టలేని మనిషికి ఆ బటన్ శత్రువు. అందుకే వెయ్యికి ఒక పాట పాడి దాన్ని చంపేస్తాడు. గెలవాలని కాదు, ఇతరులు ఆ దారిన పోకుండా అడ్డుకోవాలని! తర్వాత ఈబే కొన్ని విభాగాల్లో, పాట బటన్ ధరలో సగానికి చేరేదాకా అది నిలిచి ఉండేలా నిబంధన మార్చింది. అంటే ఆటగాళ్ల ఎత్తుకు సైటు పైఎత్తు వేసిందన్నమాట.

మరి 5,500 పెట్టగల మనిషి 3,900కు దొరికే అవకాశం వదులుకుని 4,000 ఎందుకు కడతాడు? 2001లో బూడిష్, టాకెయామా అనే ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నకే సమాధానం చెప్పారు. పాటలో ఓడిపోతామన్న, లేదా రేటు చేయి దాటిపోతుందన్న భయమున్నవాళ్లు ఆ భయం పోగొట్టుకోవడానికి కొంత అదనంగా కడతారు. తగిన ధర పెడితే ఆ అదనం అమ్మకందారు జేబులోకి వెళ్తుంది. ఈబేలో గడువు గడియారం ప్రకారం ఠంచనుగా ముగుస్తుంది కాబట్టి ఆఖరి క్షణాల్లో దూరి పాట ఎగరేసుకుపోయేవాళ్లు బోలెడుమంది. మూడోసారి అనడానికి అక్కడ మనిషి లేడు. ఆ టెన్షన్ పడలేనివాళ్లకు బటన్ ఒక బీమా.

ఇంతకీ బటన్ గెలిచింది, పాట ఓడింది. ఈబే లెక్కలనే తవ్వి ఐనావ్, ఫరోనాటో, లెవిన్, సుందరేశన్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడ వేలాలు తగ్గిపోవడానికి ప్రధాన కారణం వస్తువులో అమ్మకందారులో మారడం కాదు, కొనేవాళ్లకు వేలంమీద మోజు తగ్గడం. అదే ఫోన్ పక్క సైటులో ఎంతకు దొరుకుతుందో రెండు సెకన్లలో తెలిసిపోతున్నప్పుడు ఎవరు వారం రోజులు పాట పాడతారు? మన దగ్గర 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని వచ్చిన ఈబే ఇండియా కూడా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి, 2018లో మూతబడింది.

ధర అందరికీ తెలిసిన వస్తువుకు పాట అనవసరం. ఎవరికీ తెలియని వస్తువుకు బటన్ ప్రమాదం. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 2024 ఆగస్టులో టీజీ 09 9999 నంబరు 25,50,002 రూపాయలకు పోయింది. చివర ఆ రెండు రూపాయలు చూడండి. ఎదుటివాడూ గుండుసున్నాల దగ్గరే ఆగుతాడేమోనన్న లెక్క అది. ఇలాంటి నంబరుకు రవాణా శాఖ ముందే ఏ రేటు రాసిపెట్టగలదు? కోకాపేట నియోపొలిస్ భూముల సంగతీ అంతే. 2021లో ఎకరా గరిష్ఠంగా 60.20 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ సర్కారు పాట 35 కోట్లు పెట్టింది. ఆ రోజు ఎవరైనా 70 కోట్లకు బటన్ పెడదామని ఉంటే దురాశ అనేవాళ్లు. పాట 100.75 కోట్ల దాకా వెళ్లింది.

అలాగని సర్కారు అన్నిటికీ వేలమే పట్టుకుని కూర్చోనక్కర్లేదు. బండ్లగూడ, పోచారంలలోని రాజీవ్ స్వగృహ ఫ్లాట్లను 2022లో చదరపు అడుగుకు ఇంతని ధర కట్టి లాటరీలో కేటాయించారు. మధ్యతరగతి ఇంటికి అది న్యాయమైన దారే. వేలంలో ఎవరూ పాడకుండా మిగిలిపోయే ప్లాట్లకు మాత్రం బటన్ పెట్టొచ్చు, కొంచెం ఎత్తులో, గడువుతో సహా. పాడేవాళ్లు లేరని ఒకసారి తేలాక మళ్లీ మళ్లీ నోటిఫికేషన్లు ఇవ్వడంకంటే అది నయం. అయితే తొలి పాటతో బటన్ పోతుందా, ఆఖరిదాకా ఉంటుందా అన్నది నోటిఫికేషన్ మొదటి పేజీలోనే, తెలుగులో రాయాలి. అది తెలియకుండా ఈఎండీ (పాటలో పాల్గొనడానికి ముందుగా కట్టే ధరావతు) కట్టించుకుంటే, నిబంధనలు కంఠతా వచ్చిన బ్రోకర్లకే ఆ సౌకర్యం దక్కుతుంది.