దయగల యజమాని గారి మిల్లు

ఇంగ్లండులో పాత నూలు మిల్లు ఉన్న ఏ ఊరికి వెళ్లినా, లోపల అడుగుపెట్టిన పది నిమిషాల్లోనే "ఈ మిల్లు యజమాని తన కాలానికి ఎంతో దయగలవాడు" అన్న మాట చెవిన పడుతుంది. ఇప్పటికి నాలుగు మిల్లులు చూశాను, నలుగురూ దయామయులే. దయలేని యజమాని కట్టిన మిల్లును చూసే భాగ్యం నాకు ఈ జన్మకు ఉన్నట్టు లేదు.

నిదర్శనాలకు కొదవ లేదు. ఒకప్పుడు క్షవరాలు చేసి విగ్గులు కట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో నీటితో నడిచే మిల్లు పెట్టి, పనివాళ్లకు ఇళ్లు కూడా కట్టించాడు. ఆ మిల్లు రాత్రుళ్లు కూడా నడిచేది. చీకట్లో వెలిగే దాని కిటికీలను జోసెఫ్ రైట్ అనే చిత్రకారుడు వెన్నెలతో కలిపి గీశాడు. లోపల మేలుకొని ఉన్న పిల్లలు అందులో కనబడరు కనుక చూడముచ్చటగా ఉంటుంది. తన మిల్లు పనివాళ్ల కోసం సాల్టేర్ అనే ఊరే కట్టిన టైటస్ సాల్ట్ అయితే వీధులకు తన పిల్లల పేర్లే పెట్టుకున్నాడు.

ఈమధ్య ఒక మిల్లులో, పేరు చెప్పను, బడిపిల్లలకు ముతక అంగీలు తొడిగి ఒక పూట మిల్లు కూలీలను చేశారు. ఒకావిడ గంట వాయిస్తూ "లేవండి సోమరులారా" అని గద్దిస్తే పిల్లలు పగలబడి నవ్వారు. తరువాత చెక్క గిన్నెల్లో జావ పోశారు. ఒక బాబు తనకు గ్లూటెన్ పడదనగానే 1790 నాటి ఆ జావను తీసేసి, ఇంకో జావ కాచి తెచ్చారు. యంత్రం కిందికి దూరి దూది ఊడ్చే ఘట్టానికి ముందు, అది ఆగి ఉందని ఇద్దరు ఉద్యోగులు విడివిడిగా పరీక్షించి సంతకాలు పెట్టారు. మోకాళ్ల కింద మెత్తలు పరిచారు. నలభై సెకన్లలో బాల్యశ్రమ ముగిసింది. తల్లులు ఫోటోలు తీసుకున్నారు. పిల్లలకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు.

మాంచెస్టర్ దగ్గర స్టయల్‌లో శామ్యూల్ గ్రెగ్ 1784లో పెట్టిన మిల్లుకు కూడా దయగలదనే పేరు. పేదల ఆశ్రమాల నుంచి తెచ్చిన పిల్లలకు ఆయన తిండి పెట్టి, పక్క వేసి, ఆదివారం చర్చికి పంపేవాడు. ఆయనకే కరీబియన్‌లోని డొమినికాలో బానిసలు పనిచేసే తోట కూడా ఉండేది. దయ అంత దూరం ప్రయాణించలేకపోయింది కాబోలు. ఆ మిల్లులో థామస్ ప్రీస్ట్‌లీ అనే కుర్రాడి ఎడమచేతి చూపుడువేలిని చక్రం పట్టి ఊడబెరికింది. వాడు తల్లిని చూడాలని పారిపోయి లండన్ చేరి, 1806లో న్యాయాధికారుల ముందు ఆ సంగతి చెప్పుకున్నాడు. "తన కాలానికి" అంటారే, ఆ కాలం థామస్‌ది కాదా? వాడి తల్లిది కాదా? వేలు తెగితే పిల్లవాడికి నొప్పి పుడుతుందని తెలియడానికి ఇంకో శతాబ్దం గడవాలా? 1802లోనే పార్లమెంటు, అప్రెంటిసు పిల్లలతో రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని చట్టం చేసింది. అంతకన్నా ఎక్కువ చేయించేవాళ్లు ఉంటేనే కదా, ఆ చట్టం అవసరమైంది!

మేము బయలుదేరేటప్పటికి, గ్లూటెన్ పడని బాబు వేలికి చెక్కపేడు గుచ్చుకుంది. ఉద్యోగి ఒకాయన మందుల పెట్టెతో పరుగెత్తుకొచ్చి, పేడు తీసి, పట్టీ వేసి, ప్రమాదాల పుస్తకం తెరిచి వేళతో సహా రాసుకున్నాడు. ఏ చెయ్యి, ఏ వేలు అని కూడా అడిగాడు.