‘తుఫానొస్తే కదలొద్దు’ అని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి

వాయుగుండం అన్న మాట టీవీలో వినబడితే చాలు, బరంపురం, గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం వాళ్ళున్న గ్రూపులన్నింటిలో ఆ పాత మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉన్నది ఇదీ: వాతావరణ శాఖ చెప్పింది ఎప్పుడూ జరగదు. తుఫాను పేరుతో నిధులు తింటారు. ఫైలిన్ తుఫానుకి 10 లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు, తీరా ఏమీ కాలేదు, ఈసారి ఎవరూ కదలొద్దు. సైంటిస్టులు కలెక్టర్లతో కూర్చుంటే సైన్సు అమ్ముడుపోయినట్టే. చివర్లో, కొండల మీదున్నవాళ్ళని ఎవరు పట్టించుకున్నారని ఒక ప్రశ్న. పంపేది చదువుకున్నవాళ్ళు, నాకు బాగా కావలసినవాళ్ళు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

చెప్పింది జరగదనడానికి వాళ్ళు చూపే ఉదాహరణ, “గోపాల్‌పూర్ అన్నారు, తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటింది” అట. 2018 అక్టోబర్‌లో బులెటిన్ చెప్పింది గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య అని. పలాస ఆ రెండింటి మధ్యే ఉందని మనకి ఎవరైనా చెప్పాలా?

నిధుల సంగతి. పరిహారం జాబితాలో అవకతవకలుంటే ఆర్టీఐ వేయండి, నేనూ సంతకం పెడతాను. దానికీ తుఫానుని కనిపెట్టే రాడార్‌కీ సంబంధం లేదు.

“ఏమీ కాలేదు” అన్నచోటే నాకు ఒళ్ళు మండుతుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గంటకి 200 కిలోమీటర్లు మించిన గాలితో గోపాల్‌పూర్ దగ్గర దాటింది. లక్షల ఇళ్ళు దెబ్బతిన్నాయి. గంజాంలో మొగలి తోటలు నేలకొరిగాయి. 1999 సూపర్ సైక్లోన్‌కి ఇదే ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోతే, ఫైలిన్‌కి పోయినవాళ్ళ సంఖ్య పదుల్లో ఆగింది. ఇళ్ళు కూలే వేళకి ఆ ఇళ్ళలో మనుషులు లేరు కాబట్టి ఆగింది. దాన్నే చూపించి అనవసరంగా లేపారంటారా?

మన మత్స్యకారుల ఇళ్ళలో మనిషిని కదిలించడం ఎంత కష్టమో పంపేవాళ్ళకి తెలుసా? వలలు ఎవరు చూస్తారు, బోటు ఇంజను ఎవరైనా ఎత్తుకుపోతే ఎలా, మేకల్ని ఎక్కడ కట్టాలి. కమ్మలింటి గుమ్మంలో గొడుగు పట్టుకుని కూర్చుని “నాను రాన్రా, మీరు పొండి” అనే మామ్మ ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఆవిడని ఒప్పించడానికి పొద్దుట్నుంచి ఊరి కుర్రాళ్ళు తిరుగుతుంటే, మనవడొచ్చి ఈ మెసేజ్ చదివి వినిపిస్తాడు. ఇంక వస్తుందా? ఉప్పెన నీళ్ళు వీధిలోకి వచ్చాక ఆవిడని ఎత్తుకురావడానికి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఫార్వర్డ్ చేసిన మీరొస్తారా?

ఇక సైంటిస్టులు, కలెక్టర్లు కలవకూడదన్నది. 1999లో హెచ్చరికలు రాకపోలేదు. వచ్చినవాటిని ఊరిదాకా తీసుకెళ్ళి జనాన్ని కదిలించే ఏర్పాటే లేదు. గాలి, వాన ఎంతో వాతావరణ శాఖ చెబుతుంది. ఉప్పెన లెక్క హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కడుతుంది. అదే ఇన్‌కాయిస్ చేపలెక్కడ పడతాయో చెబితే నమ్మి వేటకి వెళ్తాం. కానీ ఏ వీధిలో నెలలు నిండిన ఆడవాళ్ళున్నారో, ఏ షెల్టర్‌లో బోరు పనిచేయదో వాళ్ళకెలా తెలుస్తుంది? బ్లాకు అధికారి బీడీఓకి, సర్పంచ్‌కి తెలియాలి. వీళ్ళూ వాళ్ళూ మాట్లాడుకోకుండా ఎవరి బస్సు ఎక్కడికి పంపుతారు? ఫైలిన్‌కి విదేశీ సంస్థలు గాలి ఇంకా ఎక్కువుంటుందని అంటున్నా, మన శాఖ తన అంకె దగ్గరే నిలబడింది. భయపెట్టి డబ్బు తినాలనుకునేవాళ్ళు అంకె పెంచుతారు గానీ తక్కువ చెబుతారా?

కొండల ప్రశ్న మాత్రం నిజం, దాన్ని ఒప్పుకుంటున్నాను. తిత్లీకి ఒడిశా తీరంలో 3 లక్షల మందిని తరలించారు. గజపతి జిల్లా కొండలకి భారీ వర్షమన్న హెచ్చరిక ఉంది గానీ, ఆ వానకి ఏ కొండవాలు జారుతుందో ఊరివాళ్ళకి చెప్పిన నాథుడు లేడు. బరఘర గ్రామంలో వానకి తలదాచుకున్న చోటే కొండచరియ విరిగిపడి పది మందికి పైగా పోయారు. అక్కడ జరగాల్సింది సైంటిస్టులు, అధికారులు ముందే కలిసి కూర్చోవడం. వాన లెక్క ఉన్నవాళ్ళు, భూగర్భ శాస్త్రవేత్తలు, బ్లాకు అధికారులు, సవర గిరిజనుల ఊళ్ళ పెద్దలు వానాకాలానికి ముందే ఒక మ్యాపు పరుచుకుని, ఎంత వాన పడితే ఏ ఊరు ఖాళీ చేయాలో, ఎక్కడికి వెళ్ళాలో రాసుకోవాలి. ఆ డిమాండు మెసేజ్‌గా పెట్టండి, నేనూ అన్ని గ్రూపులకీ పంపుతాను.